కొయ్యని బెండకాయ

సంత నుంచి చేతిబండి మీద వచ్చిన బెండకాయల బస్తాను వంటింటి గుమ్మం దగ్గర దింపించి, జెనిల్దా దాని మూతి విప్పింది. పైనున్న కాయ ఒకటి తీసి కొస విరిచి చూసింది. టప్పున విరిగింది. ఇంకొకటి విరిచింది. అదీ అంతే. కూరలమ్మే మనిషి మాట తప్పలేదని తృప్తి పడి, నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా లేచింది. పొయ్యి మీద కాఫీ పొంగుతోంది. మొక్కజొన్న రవ్వ ముద్ద ఆవిరికి ఉడుకుతూ ఇల్లంతా కమ్మటి వాసన నింపింది.

అది గురువారం. శనివారం కవల స్వాముల పండగ. ఆ రోజు ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వీధికి నాలుగిళ్ళలో కరురు వండుతారు. బెండకాయలు సన్నగా తరిగి, ఎండు రొయ్యలు, అల్లం, జీడిపప్పు నూరి వేసి, ఎర్ర తాటినూనెలో ఉడికించే కూర అది. పేరుకు కూర, అసలుకు మొక్కు. ఆ కవలలను పాత చర్చిలో కోస్మె, దమియాన్ అంటారు. తాతముత్తాతల వెంట ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన దేవతలు కొలువుండే తెరేరులో ఇబేజీలు అంటారు. జెనిల్దాకు రెండు పేర్లూ ఒకటే. ఇద్దరూ చిన్నపిల్లలే. పిల్లలకు పెడితే వాళ్ళకు పెట్టినట్టే.

ముప్ఫయ్యేళ్ళుగా ఆమె ఒక్క ఏడు కూడా తప్పలేదు. వెయ్యి కాయలకు తక్కువ తరగలేదు. భర్త పోయిన ఏడు కూడా కళ్ళు తుడుచుకుంటూనే వండింది. ఈ పొయ్యి ఒక్క ఏడు వెలగకపోతే తన కూతురి ప్రాణానికి పూచీ ఉండదని ఆమె నమ్మకం. ఎందుకలా నమ్మిందో మటుకు ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. కూతురికి అసలే చెప్పలేదు.

ఇప్పుడు కుడిచెయ్యి మాట వినడం లేదు. వేళ్ళ కణుపులు వాచిపోయి పొద్దున పూట పిడికిలి మూసుకోదు. వెయ్యి కాయలు ఎలా తరగడమా అని ఆమె ఆలోచించడం లేదు. తరగాలి, అంతే. ఆలోచనంతా గరిటె ఎవరు పట్టుకోవాలన్న దాని గురించే.

కరురులో ఒక పద్ధతి ఉంది. కాయలన్నీ తరిగినా ఒక్కదాన్ని మాత్రం కొయ్యకుండా నిండుగా కూరలో వదిలేస్తారు. వడ్డించేటప్పుడు అది ఎవరి పళ్ళెంలో పడితే వచ్చే ఏడు పండగ వాళ్ళు చెయ్యాలి. అది స్వాముల పిలుపు. కాదనకూడదు. ఇన్నేళ్ళలో ఆ కాయ చుట్టుపక్కల చాలామందికి వెళ్ళింది. వాళ్ళు తమ ఇళ్ళలో చేసుకున్నారు, జెనిల్దా తన ఇంట్లో చేసింది. పోయిన ఏడు ఆ కాయ కూతురు జుసేలియా పళ్ళెంలో తేలింది.

జుసేలియాకు ముప్ఫై మూడేళ్ళు. ఊరి బడిలో మూడో తరగతి పంతులమ్మ. మధ్యాహ్నం బడి కాబట్టి పొద్దున తల్లికి సాయంగా ఇంట్లోనే ఉంటుంది. మార్చి నెలలో వంతెన అవతల, స్వాములను కొలవకూడదనే కొత్త చర్చిలో చేరి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. అప్పటి నుంచి తెరేరువాళ్ళలా శుక్రవారాలు తెల్లబట్టలు కట్టడం మానేసింది. తెరేరులో పెట్టిన ప్రసాదం ముట్టదు. అయినా తల్లితో గొడవ పడలేదు. ఆ నెమ్మదే జెనిల్దాను ఎక్కువ భయపెట్టింది.

కాఫీ గ్లాసు కూతురి ముందు పెట్టి, జెనిల్దా బస్తా వైపు చూపించింది.

"ఈసారి గరిటె నీ చేతికిస్తాను. కాయ నీకే కదా వచ్చింది."

జుసేలియా రవ్వ ముద్దకు వెన్న రాసుకుంటూ తలెత్తలేదు. తనకు ఆ పండగతో సంబంధం లేదనీ, తల్లి చేసుకుంటే అడ్డు రాననీ, కానీ తన పేరు అందులో కలపొద్దనీ మెల్లగా చెప్పింది. స్వాములు పిలిచాక కాదనడానికి మనమెవరం అని జెనిల్దా అంది. కూతురు అప్పుడు ముఖంలోకి సూటిగా చూసింది. ఏదో అనబోయి, కాఫీతో పాటు మింగేసింది.

మధ్యాహ్నం జుసేలియా బడికి వెళ్ళాక జెనిల్దా గుట్టెక్కి తెరేరుకు వెళ్ళింది. అక్కడ పూజలు చేయించే పెద్దమ్మగారికి ఎనభై దాటాయి. వరండాలో పీట మీద కూర్చుని అలసందలు ఏరుతోంది. జెనిల్దా వంగి చేతులు ముద్దు పెట్టుకుని, తన గోడు చెప్పింది. పిలుపు వచ్చిన మనిషి రానంటే ఆ దోషం ఎవరికి చుట్టుకుంటుందని అడిగింది. పెద్దమ్మగారు రాయి ఒకటి ఏరి పారేసి, కాయ ఎలా వచ్చిందని అడిగింది. గరిటెతో వచ్చిందని జెనిల్దా చెప్పింది.

"గరిటె ఎవరి చేతిలో ఉంది?"

జెనిల్దా తన వాచిన వేళ్ళ వైపు చూసుకుంది.

"అయితే ఆ చెయ్యినే అడుగు తల్లీ. నన్నెందుకు అడుగుతావు?" అని ఆవిడ మళ్ళీ అలసందల్లో పడింది.

గుట్ట దిగుతున్నంతసేపూ ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

శుక్రవారం పొద్దున కత్తి, పీట పట్టుకుని పక్కింటి లిందౌరా వచ్చింది. జెనిల్దా కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. చేతికంటే నోరు చురుకు. ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకుని, తలలకు తెల్లగుడ్డలు చుట్టుకుని, బస్తాకు చెరో పక్కా కూర్చున్నారు. కాయ తొడిమ, కొస తీసేయాలి. నిలువునా రెండు గాట్లు పెట్టి నాలుగు చీలికలు చెయ్యాలి. అప్పుడు అడ్డంగా సన్నగా తరగాలి. గింజంత ముక్క రావాలి, అంతకంటే పెద్దది వస్తే లిందౌరా ఒప్పుకోదు. రెండు వందల కాయలు అయ్యేసరికి పళ్ళెంలో జిగురు తీగలుగా సాగుతోంది.

బడి పుస్తకాలు దిద్దుకుంటూ బల్ల దగ్గర కూర్చున్న జుసేలియాను చూసి లిందౌరా నాలుక ఊరుకోలేదు.

"ఏమే, మీ పాస్టరుగారు బెండకాయ కూడా పాపమన్నాడా?"

"బెండకాయ పాపం కాదు అత్తా. నీ కబుర్లు వింటే కొంచెం పాపం అంటుతోంది, అంతే."

"అంటనీ. ఆదివారం పోయి కడిగించుకుంటావుగా. మాకైతే ఏడాదికోసారే."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో ఉండగానే జెనిల్దా చేతిలోంచి కత్తి జారింది. జిగురు వేళ్ళు, పైగా పట్టు లేదు. కత్తి మొన చూపుడువేలి పక్కన గీరుకుంటూ పోయి కింద పడింది. రక్తం పెద్దగా రాలేదు కానీ జుసేలియా కుర్చీ తోసేసి వచ్చి, తల్లి చెయ్యి కుళాయి కింద పట్టింది. గుడ్డ పీలిక చుట్టింది. ఈ చెయ్యితో ఇంకా ఎనిమిది వందల కాయలు ఎలా తరుగుతావని, ఈ ఏటికి ఆపెయ్యమని అంది.

ఆపెయ్యమన్న మాట జెనిల్దా గుండెలో ముల్లులా దిగింది.

"ఆపను. చెయ్యి తెగిపోయినా ఆపను. నువ్వు చెయ్యవలసిన పని నువ్వు చేస్తే నాకీ గతి ఎందుకు? కాయ వచ్చింది నీకు."

లిందౌరా ఇద్దరి ముఖాలూ చూసింది. ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడిపోతోందని గొణిగి, పీట అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లో పొయ్యి ఇంకా రాజెయ్యనే లేదని అందరికీ తెలుసు.

జుసేలియా తల్లి చెయ్యి వదిలింది.

"నాకు కాయ రాలేదమ్మా. నువ్వు పెట్టావు."

జెనిల్దా వేలికి చుట్టిన గుడ్డను బిగించుకుంది.

"చూశాను. గరిటెలోంచి వేళ్ళతో తీసి, నా పళ్ళెంలో అన్నం కిందకు బొటనవేలితో నొక్కావు. పైన కూర పోశావు. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను."

వీధిలో ఐస్ అమ్మేవాడి గంట వినిపించి దూరమైపోయింది. పోయిన ఏడు పళ్ళెంలో కాయ చూసి చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతుంటే, కూతురు నవ్వకుండా పళ్ళెం బల్ల మీద పెట్టేసి బయటికి నడిచిన సంగతి జెనిల్దాకు గుర్తొచ్చింది. సిగ్గుపడిందనుకుంది అప్పుడు.

జుసేలియా గొంతు పెంచలేదు. పిల్లలకు పాఠం చెప్పినట్టే ఒక్కొక్క మాటా విడిగా చెప్పింది. తను ఈ ఇంట్లో, గుట్ట మీది డప్పుల మోతలో పెరిగిందనీ, అన్నిటినీ మనసారా నమ్మిందనీ అంది. ఎవరి తలకు ఏది రాసి ఉంటే అదే వస్తుందని చెప్పింది తల్లేననీ అంది.

"దేవుళ్ళ మాట అని చెప్పి నీ మాట పెట్టావు. ఆ పళ్ళెం బల్ల మీద పెట్టేశాక, ఈ ఇంట్లో ఏది దేవుడిదో ఏది నీదో నాకు తెలీకుండా పోయింది. కొత్త చర్చివాళ్ళు నన్ను లాక్కుపోయారని వీధంతా చెబుతున్నావు. వాళ్ళు లాగలేదమ్మా. నేను అప్పటికే బయట నిలబడి ఉన్నాను."

జెనిల్దా పీట మీద కూర్చుంది. ఆరు నెలలుగా ఆ చర్చిని, ఆ పాస్టరును తిట్టని రోజు లేదు. ఇప్పుడు ఆ తిట్లన్నీ తిరిగొచ్చి తన ముందు కూర్చున్నట్టుంది.

జుసేలియా ఇంకా ఆగలేదు. ముప్ఫయ్యేళ్ళ ఉక్రోషం ఆమె లోపల నిలవ ఉంది.

"జుసిమార్ కోసం ఏడిచావు, నాకు తెలుసు. వాడూ నేనూ ఒకే కడుపులో పక్కపక్కనే పడుకున్నాం, నాకు మాత్రం ఉండదా? ప్రతి ఏడూ మొదటి గరిటె వాడి పేరున తీస్తావు. వీధి పిల్లల్ని ఏడుగుర్ని చాప మీద కూర్చోబెట్టి తినిపిస్తావు. నన్ను ఒక్కసారి ఆ చాప మీద కూర్చోబెట్టావా? బతికి తప్పు చేసినదానిలా ఆ గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు వాడి పండగ తెచ్చి నా నెత్తిన పెడితే ఎలా మొయ్యను?"

"వాడిది కాదే," అంది జెనిల్దా.

"మరెవరిది?"

"నీది."

ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగిలినవి ఆగలేదు. తన కవలలకు మూడేళ్ళప్పుడు ఇద్దరికీ ఒకే రోజు జ్వరం తగిలింది. ఆసుపత్రిలో ఒకే మంచం మీద, తలలు చెరోవైపు పెట్టి పడుకోబెట్టారు. మూడో రోజు డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. జెనిల్దా బయట మెట్ల మీద, పట్టపగలు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇద్దర్నీ అడగడానికి భయమేసింది. నా బోటిది ఒకేసారి రెండు అడిగితే ఆశపోతు అనుకుంటారేమో, ఒక్కటీ ఇవ్వరేమో అనిపించింది. ఒక్కర్నైనా వదలండి స్వామీ, నా ఒంట్లో ఊపిరి ఉన్నన్నాళ్ళు వెయ్యి కాయలు వండి పిల్లలకు పెడతానన్నాను. సాయంత్రానికి నీకు జ్వరం దిగింది. వాడికి దిగలేదు."

గుడ్డ చుట్టిన వేలును ఇంకో చేత్తో పట్టుకుని, ఆమె నేల వైపే చూస్తూ చెప్పింది.

"ఒక్కర్ని అడిగాను, ఒక్కర్నే ఇచ్చారు. ఇద్దర్నీ అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళేమో. నేనే తక్కువ అడిగాను. ఈ మాట నీకెలా చెప్పను? చెబితే, వాడిని వదులుకుని నిన్ను కొనుక్కున్నానని తెలిసిపోదూ? చాప మీద నిన్ను కూర్చోబెట్టబోయిన ప్రతిసారీ నీ పక్కన ఖాళీ కనబడేది. రెండోవాడేడీ అని ఎవరో అడుగుతారనిపించేది. ఎవరు అడుగుతారో నాకూ తెలీదు. ఇప్పుడు చేతులు పోయాయి. నేను ఆపేస్తే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటారేమోనని, నీ ప్రాణం నీ చేతికే అప్పజెబుదామనుకున్నాను. దొంగతనంగా అప్పజెప్పాను. అది తప్పే."

జుసేలియా ముఖం మీద కన్నీళ్ళు వాటంతటవే జారుతున్నాయి. తుడుచుకోలేదు. ఇన్నేళ్ళుగా తను గుమ్మంలో నిలబడి చూసిన పండగ తన కోసమేనన్న సంగతి ఆమె లోపలికి దిగడానికి సమయం పట్టింది. అమ్మ ప్రతి ఏడూ వెయ్యి కాయలు తరిగింది పోయినవాడి కోసం కాదు, ఉన్నది ఉండాలని.

ఆమె వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, నీ దేవుళ్ళు పిల్లలే అంటావు కదా."

"అవును."

"రోజూ ముప్ఫైమంది పిల్లలతో వేగుతాను నేను. అలుగుతారు, కొట్టుకుంటారు, ఒకడి మిఠాయి ఇంకొకడు లాక్కుంటాడు. కానీ ఒక ప్రాణానికి ఇంకో ప్రాణం అని బేరం పెట్టే పిల్లాడిని నేను ఇంతవరకు చూడలేదు. మా దేవుడూ అలా పెట్టడు. నువ్వు తక్కువ అడగలేదమ్మా. ఆ మెట్ల మీద నీకు చేతనైనంత అడిగావు. వాడికి జ్వరం ఎక్కువైంది, పోయాడు. అంతే."

అంతేనా? జెనిల్దా ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అంతే అయి ఉండవచ్చు. కాకపోవచ్చు కూడా. పండితులకే తెలియని సంగతి తనకేం తెలుస్తుంది. కానీ బేరం పెట్టే పిల్లల్ని తనూ ఎప్పుడూ చూడలేదు. ముప్ఫయ్యేళ్ళు ఈ ఇంట్లో చాప మీద కూర్చుని తిన్నవాళ్ళలో ఒక్కరు కూడా, పెట్టినదానికి మించి ఏమీ అడగలేదు. ఆ ఆలోచన దగ్గర ఆమె గుండె మొదటిసారి కాస్త కుదుటపడింది.

పావడా అంచుతో ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చుంది. పండగ చెయ్యడం మటుకు మాననని చెప్పింది. మాట ఇచ్చింది తన నోరు కాబట్టి చెయ్యాల్సిందీ తనే. కూతురి మెడకు ఏదీ తగిలించదు. కాయ సంగతి రేపు అందరి ముందూ ఒప్పుకుంటుంది.

"అవమానం కాదూ?" అంది జుసేలియా.

"దొంగతనం కంటే పెద్ద అవమానమా?"

జుసేలియా లిందౌరా వదిలిపోయిన పీట మీదకు జరిగింది. కింద పడ్డ కత్తి తీసి కడిగింది.

"నేను తినను. దణ్ణం పెట్టను. నీళ్ళలో మునిగి నేనూ ఒక మాట ఇచ్చాను, దాన్ని తప్పను. తరుగుతాను."

"నాలుగు చీలికలు..."

"తెలుసమ్మా. గుమ్మంలో నిలబడి ముప్ఫయ్యేళ్ళు చూశాను."

కాసేపటికి లిందౌరా తలుపు సందులోంచి తొంగిచూసి, తన పీట పోయిందని గ్రహించి, ఇంటి నుంచి ఇంకోటి తెచ్చుకుంది. ఏమైందని అడగలేదు. ముక్క లావుగా ఉందని మాత్రం జుసేలియాను మూడుసార్లు తిట్టింది.

శనివారం మధ్యాహ్నానికి ఇల్లంతా ఎర్రనూనె వాసన. అలసందలు, కోడికూర, అన్నం, పేలాలు, చెరకు ముక్కలు బల్ల నిండా పరిచారు. వీధి వీధంతా వాకిట్లో చేరింది. గుట్ట మీంచి డప్పుల వాళ్ళు ఇద్దరు వచ్చారు. వడ్డన మొదలుకాకముందే జెనిల్దా గుమ్మంలో నిలబడి, పోయిన ఏడు కొయ్యని కాయను తన కూతురి పళ్ళెంలో తనే చేత్తో పెట్టానని, అది స్వాముల పిలుపు కాదని, క్షమించమని చెప్పింది. మాట తడబడలేదు.

వెంటనే లిందౌరా గొంతు లేచింది.

"అయితే నాకు మూడుసార్లు వచ్చింది కూడా నీ బొటనవేలేనా? మూడు పండగలు చేశానే ముండా, నా కోళ్ళన్నీ అయిపోయాయి."

వాకిలంతా గొల్లుమంది. నీ కాయలు స్వాములే పెట్టారని జెనిల్దా ఒట్టు వేసింది. గరిటె మాత్రం ఈసారి తను ముట్టకుండా లిందౌరాకే అప్పగించింది. కాయ ఉత్తరాలు పంచే మనిషి పళ్ళెంలో పడింది. అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అతని భార్య మాత్రం సంతోషంగా దణ్ణం పెట్టింది.

అందరికంటే ముందు తిన్నది మాత్రం ఏడుగురు పిల్లలు. చాప మధ్యలో చెక్క తొట్టి పెట్టి, చుట్టూ కూర్చుని, గరిటెలూ చెంచాలూ లేకుండా చేతులతో. నలుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. అందులో ఐదుగురు జుసేలియా తరగతివాళ్ళే. ఆమె వాళ్ళ మధ్య కూర్చోలేదు. పంపులోంచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఖాళీ అయిన డేగిసా ఒకదాన్ని పెరట్లో కూర్చుని తోమింది. మోచేతుల దాకా ఎర్రనూనె అయింది.

తినడం అయ్యాక ఆ ఇంట్లో పిల్లలు చేతులు కడుక్కోరు. పండగ చేసిన తల్లి తెల్ల పావడాకు తుడుచుకుంటారు. అది వాళ్ళిచ్చే దీవెన. జెనిల్దా చాప పక్కన కుర్చీ వేసుకుని, పావడా పరిచి కూర్చుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి తుడుచుకుని, ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి పరుగెత్తుతున్నారు.

పెరటి గుమ్మంలోంచి జుసేలియా వచ్చింది. నూనె చేతులు పక్కలకు తగలకుండా పైకి పట్టుకుని ఉంది. కొంచెం సేపు గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తరవాత నేరుగా తల్లి దగ్గరికి నడిచింది. ఆఖరున నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"టీచర్, లైన్లో రండి. మీరే కదా చెప్పారు."

"తప్పయింది," అని జుసేలియా ఆ పిల్ల వెనక నిలబడింది.

తన వంతు వచ్చాక తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆ పావడాకు తుడిచింది. ముందు ఎడమది, తరవాత కుడిది, చిన్నపిల్లలు తుడిచినట్టే వేలు వేలూ. లేచి తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది. డప్పులు వాయించేవాళ్ళు ఎందుకో చేతులు ఆపారు.

జెనిల్దా కూతురి భుజం పట్టుకుని లేచి నిలబడింది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ వాకిట్లో ఎవరూ వినని మాట, వీధి చివరి దాకా వినబడేలా చెప్పింది.

"ఈ పండగ చేసేది నేను. పండగ మటుకు దీనిది. నా కూతురు బతికింది. అందుకే మీకందరికీ అన్నం."